కంపెనీ మీద కోపం ఎవరి మీద చూపించాలి?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. పేరు, ఊరు రాయొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

రాసినాయన యాభై దాటారు. ఇరవయ్యేళ్ళకు పైగా ఒకే కంపెనీలో పనిచేశారు. చేరినప్పుడు అక్కడ ఉన్నది ఒక గది, రెండు బల్లలు, యజమాని. ఆ యజమానిని ఉత్తరం పొడవునా ‘పెద్దాయన’ అనే రాశారు, నేనూ అలాగే అంటాను. పని పెరిగింది, సంస్థ ప్రైవేట్ లిమిటెడ్ అయింది. ఈయన లెక్కలు రాయడంతో మొదలై ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే స్థాయికి వచ్చారు. కొన్నేళ్ళ కిందట పెద్దాయన ఈయన్ని డైరెక్టర్‌గా కూడా వేశారు. షేర్లు మాత్రం ఇవ్వలేదు. “ఇందులో పదో వంతు నీది, నేనుండగా నీకేం భయం” అని మాత్రం నలుగురి ముందూ చాలాసార్లు అన్నారట. కంపెనీ కోసం బ్యాంకు అప్పు తీసుకున్నప్పుడు పెద్దాయనతో పాటు ఈయన కూడా హామీదారుగా సంతకం పెట్టారు. “కాగితం చదవలేదు. మన కంపెనీయే కదా అనుకున్నాను” అని రాశారు.

కిందటేడు పెద్దాయన పోయారు. కొడుకు ఎండీ అయ్యారు. కొద్ది నెలలకే ఈయన చేతికి ఒక ఉత్తరం వచ్చింది. పునర్వ్యవస్థీకరణలో భాగంగా మీ పోస్టు రద్దు చేయాలని కంపెనీ నిర్ణయించింది అని. దానితో పాటు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు. వెళ్ళి అడిగితే కొడుకు, “మీ మీద నాకేం లేదంకుల్, ఇది కంపెనీ నిర్ణయం” అన్నారు. వాటా సంగతి ఎత్తితే, “నాన్న మాట నాన్నది, కంపెనీది కాదు కదా” అన్నారు.

ఇంకో సంగతి కూడా దాచకుండా రాశారు. తన తీసివేత ఉత్తరం మీద పడిన గుండ్రటి స్టాంపు ఏళ్ళ తరబడి తన సొరుగులోనే ఉండేదట. అంచు అరిగి, కంపెనీ పేరులో మొదటి అక్షరం సగమే పడే స్టాంపు. గతంలో ఇద్దరు ముగ్గుర్ని మాన్పించినప్పుడు ఆ ఉత్తరాల మీద ఈయనే సంతకం పెట్టి, ఈ స్టాంపే వేశారు. “వాళ్ళతో నేనూ ఇదే మాట అన్నాను, కంపెనీ నిర్ణయం అని.”

అడిగిన ప్రశ్నలు ఇవి. కేసు వేస్తే ఎవరి మీద వేయాలి, కంపెనీ మీదా, కొడుకు మీదా? పెద్దాయన మాటకు విలువ ఉందా? బ్యాంకు హామీ ఏమవుతుంది? కూతురు అదే కంపెనీలో అకౌంట్స్‌లో పనిచేస్తోంది, ఆమెను మానేయమనాలా? చివర్లో ఒక వాక్యం: “ఇన్నేళ్ళు ప్రాణం పెట్టాను. సంస్థకు కృతజ్ఞత అనేది ఉండదా?”

*

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, మిగతావి దాని వెనకాలే వస్తాయి.

ఉండదు. సంస్థకు కృతజ్ఞత ఉండదు. ద్రోహబుద్ధి కూడా ఉండదు. కార్పొరేషన్‌కి తన్నడానికి ఒళ్ళూ లేదు, శపించడానికి ఆత్మా లేదు అని 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ లార్డ్ చాన్సలర్‌గా, అంటే అక్కడి అత్యున్నత న్యాయాధికారిగా చేసిన థర్లో అన్నట్టు చెబుతారు. మీ మేలు ఎరిగినవాళ్ళు ఉంటే వాళ్ళు మనుషులే. పెద్దాయన ఎరుగుదురు, ఆయన పోయారు. కొడుకు ఎరుగుదురో లేదో మీకే తెలియాలి. కంపెనీకి మాత్రం తెలిసింది మీ జీతం, మీ సెలవులు, మీ ఒప్పందం. అది కూడా ఫైల్లో ఉంటేనే.

మీ ఉత్తరం రెండోసారి చదివాక నాకు అనిపించింది చెప్పనా? కంపెనీని వేరే వ్యక్తిగా చూడాల్సిన చోట మీరు అలా చూడలేదు. అలా చూడకూడని చోట చూశారు. బ్యాంకు కాగితం మీ ముందు పెట్టినప్పుడు ఆ అప్పు పరాయి వ్యక్తిది, మీరు పూచీ పడుతున్నది పరాయి అప్పుకు. అక్కడేమో “మన కంపెనీ” అని మీరూ అదీ ఒకటైపోయారు. ప్రేమ, గుర్తింపు, రుణం తీర్చుకోవడం దానికి చేతకాని పనులు. అక్కడేమో దాన్ని ఇంకో పెద్దాయనగా చేసుకుని ఎదురుచూశారు. దీనికి మిమ్మల్ని మీరు తిట్టుకోవాల్సిన పని లేదు. సంస్థల్లో ఏళ్ళు గడిపినవాళ్ళలో చాలామంది ఇలాగే ఉంటారు, సంస్థలు కూడా ఇలా ఉండమనే చెబుతాయి. ‘మనమంతా ఒకే కుటుంబం’ అనే ఉపన్యాసం మీరు ఎన్నిసార్లు విన్నారో, ఎన్నిసార్లు మీరే ఇచ్చారో.

కంపెనీ వేరు, దాని వెనకున్న మనిషి వేరు అనే సూత్రానికి లాయర్లు మొదట చెప్పే కథ ఒకటుంది. మీకు అది పనికొస్తుంది. లండన్‌లో ఏరన్ సాలమన్ అనే బూట్ల తయారీదారు ఉండేవాడు. 1892లో తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. చట్టం ఏడుగురు సభ్యులు కావాలంది. భార్య, కూతురు, నలుగురు కొడుకులకు తలా ఒక షేరు ఇచ్చాడు. మొత్తం 20,007 షేర్లలో 20,001 తన దగ్గరే పెట్టుకున్నాడు. వ్యాపారం అమ్మినందుకు కంపెనీ తనకు బాకీ పడ్డట్టు 10,000 పౌండ్లకు డిబెంచర్లు, అంటే ఆస్తి మీద హక్కుతో కూడిన రుణపత్రాలు రాయించుకున్నాడు. త్వరలోనే కంపెనీ దివాలా తీసింది. సరుకు అరువిచ్చినవాళ్ళకు ఏమీ మిగల్లేదు. కంపెనీ అంటే సాలమనే కదా, అతని జేబులోంచే ఇప్పించండి అన్నారు. కింది కోర్టులు రెండూ వాళ్ళ వైపే మొగ్గాయి. 1896లో ప్రభువుల సభ (అప్పట్లో బ్రిటన్‌లో ఆఖరి అప్పీలు కోర్టు అదే) మాత్రం కాదంది. రిజిస్టర్ అయిన క్షణం నుంచి కంపెనీ వేరే వ్యక్తి, షేర్లు ఎవరి చేతిలో ఎన్ని ఉన్నా సరే, దాని అప్పులు దానివే అంది. ఇంగ్లండ్ కంపెనీ చట్టాన్ని ఒరవడిగా తీసుకున్న దేశాలన్నిట్లో ఈ తీర్పే పునాది. రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ కూడా మూడో శతాబ్దంలోనే ఇదే చెప్పాడు: సంఘానికి రావాల్సింది సభ్యులకు రావాల్సింది కాదు, సంఘం ఇవ్వాల్సింది సభ్యులు ఇవ్వాల్సింది కాదు.

అప్పుల వాళ్ళకు అన్యాయం జరిగిందని మీకు అనిపిస్తోందా? నాకూ అనిపిస్తుంది. ఆ తీర్పును అప్పటి నుంచీ విమర్శిస్తున్నవాళ్ళు ఉన్నారు. అయితే కంపెనీకీ మనిషికీ మధ్య ఉన్న ఈ గోడ రెండు వైపులా అడ్డుగానే నిలుస్తుంది. 1925లో అదే సభ ముందుకు వచ్చిన మకౌరా కేసు చూడండి. ఐర్లండ్‌లో ఒకాయన తన ఎస్టేటులోని కలపంతా తన సొంత కంపెనీకి అమ్మాడు, షేర్లన్నీ తనవే. కలప మీద బీమా మాత్రం తన పేరునే ఉంచుకున్నాడు. అగ్నిప్రమాదంలో కలప చాలా వరకు బూడిదైంది. బీమా డబ్బు రాలేదు. కాలింది కంపెనీ కలప, నీది కాదు అన్నారు. మొత్తం షేర్లున్న ఆయనకే కంపెనీ ఆస్తి తనది కాకుండా పోయింది. ఒక్క షేరూ లేని మీకు “మన కంపెనీ” ఎంతవరకు మనదో చూడండి.

ఇక మీ ప్రశ్నల్లోకి వస్తాను. మీరు ఏ దేశ చట్టం కింద ఉన్నారో దాన్ని బట్టి గడువులు, ఫారాలు మారతాయి. కాబట్టి సంతకం పెట్టే ముందు లాయర్‌ని కలవడం తప్పనిసరి. ఎక్కడైనా వర్తించే దారులు మాత్రం చెబుతాను.

ముందు మీరు పట్టించుకోని సంగతి ఒకటి. మీరు డైరెక్టర్. ఉద్యోగం తీసేస్తే డైరెక్టర్ పదవి మామూలుగా దానంతటది పోదు. మీరు రాజీనామా ఇవ్వాలి, లేదా వాటాదారులు పద్ధతి ప్రకారం తొలగించాలి. నియమావళిలో వేరే ఏర్పాటు ఉందేమో చూసుకోండి. “కంపెనీ నిర్ణయించింది” అని ఉత్తరంలో రాశారు. కంపెనీ ఎలా నిర్ణయిస్తుంది? దానికి నోరు లేదు. బోర్డు కూర్చుని తీర్మానం చేయాలి, లేదా బోర్డు అధికారం అప్పగించిన వ్యక్తి నిర్ణయించాలి. బోర్డు కూర్చుంటే డైరెక్టర్‌గా మీకు నోటీసు రావాలి. వచ్చిందా? రాకపోతే ఆ సమావేశం చెల్లుబాటునే ప్రశ్నించవచ్చు. ఉద్యోగుల్ని తీసుకునే, మాన్పించే అధికారం ఎండీకి ముందే ఇచ్చి ఉంటే బోర్డు అవసరం లేదు, అప్పుడు ఈ వాదన నిలవదు. ఆ ఉత్తరం కింద ఎవరి సంతకం ఉంది, ఏ హోదాలో పెట్టారు, ఆ హోదాకు ఆ అధికారం ఎక్కడ రాసి ఉంది, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. గొడవ పెట్టుకున్నట్టు కాదు. మామూలు ఆఫీసు భాషలో రెండు లైన్లు చాలు, ఆ భాష మీకు నేను నేర్పక్కర్లేదు.

ఈ ప్రశ్న అడగడంలో ఇంకో లాభం ఉంది. “మీ మీద నాకేం లేదు, కంపెనీ నిర్ణయం” అన్నప్పుడు కొడుకు తనని తాను తప్పించుకున్నారు. చట్టం సృష్టించే ప్రతి వ్యక్తికీ నోరుగా ఒక మనిషి ఉండాల్సిందే. న్యూజిలాండ్ 2017లో వాంగనుయి నదికి చట్టపరమైన వ్యక్తిత్వం ఇచ్చింది. ఆ నది తరఫున మాట్లాడటానికి ఇద్దరు మనుషుల్ని పెట్టింది, ఒకరిని ప్రభుత్వం, ఒకరిని ఆ నదిని తమ పూర్వీకుడిగా భావించే మావోరీ జాతివాళ్ళు నియమిస్తారు. భారత న్యాయస్థానాల్లో దేవుడి విగ్రహానికి ఆస్తి ఉంటుంది, దావా వేయగలదు, కానీ కోర్టులో దాని తరఫున నిలబడేది మనిషే. నది పేరు చెప్పినా, దేవుడి పేరు చెప్పినా, కంపెనీ పేరు చెప్పినా నిర్ణయం ఏదో ఒక బుర్రలో పుట్టిందే. కంపెనీ పేరు ఆ బుర్రను చట్టపరమైన బాధ్యత నుంచి చాలావరకు కాపాడుతుంది. ముఖం చాటేసుకునే హక్కు మాత్రం ఇవ్వదు.

మీ సొరుగులోని స్టాంపు గురించి రాశారు కాబట్టి అడుగుతున్నాను. మీరు మాన్పించిన ఆ ఇద్దరు ముగ్గురు మీ గురించి ఏమనుకుని ఉంటారు? కొడుకు గురించి మీరు ఇప్పుడు అనుకుంటున్నదే అయి ఉండొచ్చు. అప్పుడు మీరు కూడా అబద్ధం చెప్పలేదు, నిజంగానే అది మీ సొంత నిర్ణయం కాకపోవచ్చు. మిమ్మల్ని చిన్నబుచ్చడానికి ఇది చెప్పడం లేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఎంత చోటు ఉంటుందో, ఎంత ఉండదో ఈ గొడవలో మీకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. కొడుకుతో తర్వాతి సారి మాట్లాడేటప్పుడు అది వాడుకోండి.

కేసు ఎవరి మీద? జీతం బకాయి, నోటీసు కాలపు జీతం, సెలవుల డబ్బు, గ్రాట్యుటీ లాంటివి ఏవైనా మీకు రావాల్సి ఉంటే, ఇవ్వాల్సింది కంపెనీ. మీతో ఒప్పందం చేసుకున్నది అదే. కొడుకు మీద వ్యక్తిగతంగా వేస్తే మొదటి వాయిదాలోనే వాళ్ళ లాయర్ సాలమన్ పేరు ఎత్తుతాడు. గోడ పగలగొట్టి వెనకున్న మనిషిని పట్టుకునే సందర్భాలు లేకపోలేదు. పాత యజమాని ఖాతాదారుల్ని తన వైపు లాక్కోనని మాటిచ్చిన ఒకతను, ఆ మాట తప్పించుకోవడానికే కంపెనీ పెట్టి దాని పేరున ఆ పని చేశాడు. 1933లో ఇంగ్లండ్ కోర్టు ఆ కంపెనీని ముసుగు అని తేల్చి ఇద్దరినీ ఆపింది. కానీ అలాంటివి అరుదు. మీ కేసులో మోసం, డబ్బు దారి మళ్ళించడం లాంటిది చూపించగలిగితే తప్ప ఆ దారి పట్టకండి. కోపం తీరుతుంది, డబ్బు రాదు, చాలా కాలం కోర్టు చుట్టూ తిరుగుతారు.

పెద్దాయన మాట దగ్గర కొడుకు సగం నిజమే చెప్పారు. అసలు అడగాల్సింది పెద్దాయన ఆ మాట ఏ హోదాలో అన్నారని. ఒకే మనిషి రెండు హోదాల్లో ఉండగలడా అనే ప్రశ్న కూడా కోర్టు దాకా వెళ్ళింది. న్యూజిలాండ్‌లో లీ అనే పైలట్ విమానంతో పొలాల మీద ఎరువులు చల్లే కంపెనీ పెట్టాడు. 3,000 షేర్లలో 2,999 అతనివే. తన కంపెనీలో తనే జీతానికి పైలట్‌గా చేరాడు. 1956లో విమానం కూలి చనిపోయాడు. భార్య కార్మిక నష్టపరిహారం అడిగితే, యజమానీ తనే, పనివాడూ తనే ఎలా అవుతాడు అని అక్కడి అప్పీలు కోర్టు కొట్టేసింది. 1960లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో న్యూజిలాండ్ కేసులకు ఆఖరి అప్పీలు అక్కడే) ఆమెకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఉద్యోగం ఇచ్చింది కంపెనీ, ఉద్యోగి లీ అనే మనిషి, ఇద్దరూ వేర్వేరు అని. ఈ ‘వేరే వ్యక్తి’ సిద్ధాంతం ఎప్పుడూ బలవంతుల పక్షమే ఉంటుందని అనుకోనక్కర్లేదని కూడా ఇందుకే చెబుతున్నాను.

మీ విషయంలో పెద్దాయన “నా షేర్లలో పదో వంతు నీకిస్తాను” అన్నారనుకుందాం. అది ఆయన సొంత వాగ్దానం. కంపెనీకి సంబంధం లేదు, ఆయన ఆస్తికి, వారసులకు సంబంధం. బదులుగా మీరేమీ ఇవ్వని నోటి వాగ్దానం చాలా చోట్ల కోర్టులో నిలవడం కష్టం. కానీ ఆ మాట నమ్మే మీరు హామీ సంతకం పెట్టారా? ఎక్కువ జీతం వచ్చే ఉద్యోగం వదులుకున్నారా? అలాంటిది ఏదైనా ఉంటే వాదనకు కాస్త బలం వస్తుంది. అలా కాకుండా ఎండీగా, కంపెనీ తరఫున కొత్త షేర్లు ఇస్తామని అని ఉంటే దాని జాడ బోర్డు తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకం రాసింది మీరే కాబట్టి ఉందో లేదో మీకే తెలుసు. విన్న నలుగురు ఎవరెవరో, ఏ సందర్భంలో విన్నారో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, జ్ఞాపకాలు త్వరగా చెదిరిపోతాయి.

నిజం చెప్పాలంటే, ఈ పదో వంతు మీకు కోర్టు ద్వారా వస్తుందని నేను అనుకోను. కొడుకు ద్వారా కొంత రావచ్చు. నాన్న మాట నాన్నది అన్నారు కదా. అయితే ఆ నాన్న మాటను కొడుకుగా ఏం చేద్దామనుకుంటున్నారో అడగండి. ఎండీ గదిలో అడగకండి, అక్కడ ఆయన కంపెనీగా మాట్లాడతారు. ఇంటికెళ్ళి, తల్లి ఉంటే ఆమె సమక్షంలో అడగండి. కాదంటే కాదనవచ్చు. ఆ జవాబు మాత్రం అప్పుడు ఆయనదే అవుతుంది.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది మీ బ్యాంకు హామీ. ఉత్తరంలో ఒక్క లైనులో రాసి వదిలేశారు, కృతజ్ఞత గురించి రెండు పేజీలు రాశారు. సాలమన్‌ను కాపాడిన గోడకు మీరు మీ సంతకంతో తలుపు పెట్టారు. కంపెనీ కట్టకపోతే బ్యాంకు ఆ తలుపులోంచి నేరుగా మీ ఇంటికి వస్తుంది. ఉద్యోగం పోయినా, డైరెక్టర్ పదవి పోయినా హామీ పోదు. పెద్దాయన పోయారు కాబట్టి ఆయన ఆస్తి మీదకు వెళ్ళడం కంటే బతికున్న మీ దగ్గరికి రావడం బ్యాంకుకు సులువు కూడా.

ఏం చేయవచ్చు? మొదటిది, బ్యాంకు మిమ్మల్ని విడుదల చేసి మీ స్థానంలో కొడుకుని హామీదారుగా తీసుకోవడం. మీకు అన్నిటికంటే మంచిది ఇదే. సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం కావాలంటే ముందు ఇది జరగాలని షరతు పెట్టండి. మీ చేతిలో ఉన్న బేరం ఆ సంతకమే, అది ఇచ్చేశాక మీ మాట ఎవరూ వినరు. కానీ “మీ హామీ తీయించేస్తాం” అని కంపెనీ రాసిచ్చినంత మాత్రాన సరిపోదు. బ్యాంకు దానికి కట్టుబడదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద విడుదల పత్రం రావాలి.

బ్యాంకు ఒప్పుకోకపోతే, ఇకపై ఇచ్చే అప్పులకు నా హామీ వర్తించదు అని నోటీసు ఇవ్వవచ్చు. విడతలుగా వాడుకునే అప్పయితే చాలా చోట్ల చట్టం దీనికి అవకాశమిస్తుంది, హామీ పత్రంలోని షరతుల్ని బట్టి. ఇప్పటిదాకా ఉన్న బాకీకి మాత్రం మీ పూచీ అలాగే ఉంటుంది. ఇందులో చిక్కుంది. నోటీసు చూసి బ్యాంకు బెదిరి అప్పు లిమిట్ ఆపేసిందనుకోండి. కంపెనీ చేతిలో డబ్బాడక కుదేలైతే, ఆ బాకీ మీ మెడకే చుట్టుకుంటుంది. అందుకే ముందు కంపెనీ ఎంత గట్టిగా ఉందో చూసుకుని ఈ పని చేయాలి. మూడోది, మీరు కట్టాల్సి వస్తే మేము మీకు తిరిగిస్తాం అని కంపెనీతో, కొడుకుతో రాయించుకోవడం. ఏమీ లేనిదానికంటే నయం. కంపెనీ కట్టలేని రోజున కంపెనీ రాసిచ్చిన కాగితానికి ఎంత విలువ ఉంటుందో మీకు తెలుసు, కాబట్టి కొడుకు సొంతంగా కూడా సంతకం పెట్టాలని అడగండి.

కంపెనీ ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? డైరెక్టర్‌గా ఉన్నంతకాలం ఖాతా పుస్తకాలు చూసే హక్కు మీకుంది. కోపంతో రేపే రాజీనామా రాసేయకండి. అలాగని ఊరికే వేలాడుతూ ఉండటమూ మంచిది కాదు. డైరెక్టర్‌గా ఉంటే కంపెనీ పట్ల మీ బాధ్యతలూ ఉంటాయి. పన్నులు, రిటర్నులు ఎగ్గొడితే ఆ తలనొప్పి మీ వరకూ రావచ్చు. పైగా కంపెనీకి నష్టం చేసే పని డైరెక్టర్ చేయకూడదు, మీకు దాని మీద ఎంత కసి ఉన్నా. పుస్తకాలు చూసి, అప్పు స్థితి తెలుసుకుని, హామీ సంగతి తేల్చుకుని, అప్పుడు రాజీనామా ఇవ్వండి. అది కంపెనీల రిజిస్ట్రార్ రికార్డుల్లోకి ఎక్కిందో లేదో మీరే సరిచూసుకోండి. వాళ్ళు చూసుకుంటారులే అనుకోవద్దు.

ఇవేవీ వద్దు, ఇచ్చింది పుచ్చుకుని ప్రశాంతంగా ఉంటాను అని కూడా మీరు అనుకోవచ్చు. అది పిరికితనమని నేను అనను. ఈ వయసులో వేరే పని చూసుకోవడం చాలా కేసుల కంటే లాభం. హామీ ఒక్కటి తేలకుండా మాత్రం ఆ ప్రశాంతత రాదు. ఆ పెన్సిల్ గుర్తు పక్కన సంతకం పెట్టే ముందు ‘ఇకపై నాకు ఎలాంటి క్లెయిమూ లేదు’ అనే వాక్యం దేనిదేనికి వర్తిస్తుందో లాయర్ చేత చదివించుకోండి. పెద్దాయన వాటా, హామీ తాలూకు రక్షణ కూడా అందులో కొట్టుకుపోవచ్చు.

నిద్ర పట్టడం లేదన్నారు. 13వ శతాబ్దపు పోప్ నాలుగో ఇన్నోసెంట్ ఒక పద్ధతి పెట్టాడు. ఒక సంఘాన్ని మొత్తంగా వెలి వేయకూడదు, తప్పు చేసినవాళ్ళని విడిగా వేయండి, లేకపోతే తప్పు చేయనివాళ్ళూ అందులో పడతారు అన్నాడు. మీ కోపానికి ఆ పద్ధతి పనికొస్తుంది. “సంస్థ నన్ను వదిలేసింది” అనుకుంటే ఇరవయ్యేళ్ళ మీ స్నేహాలు, మీరు పని నేర్పిన పిల్లలు, మీతో కలిసి పని చేసినవాళ్ళు అందరూ ఆ వాక్యంలో దోషులైపోతారు. వాళ్ళలో ఎవరైనా ఫోన్ చేశారా? చేస్తే తీశారా? కోపం కొడుకు మీద పెట్టుకోండి, కొంత పెద్దాయన మీద కూడా పెట్టుకోవచ్చు. షేర్లు రాసివ్వడానికి ఆయనకు ఏళ్ళ తరబడి అవకాశం ఉంది, ఇవ్వలేదు. ఉత్తరం మొత్తం మీద ఆయన్ని ఒక్క మాట అనలేదు మీరు. ఆయన్ని అనలేక కంపెనీని అంటున్నారని నా అనుమానం.

ఇక అమ్మాయి సంగతి. ఆమె ఉద్యోగం ఆమెకూ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం. అందులో మీరు పార్టీ కాదు, పెద్దాయన కొడుకూ కాదు. మానేయమని ఆజ్ఞ వేయకండి, ఉండమనీ వేయకండి. అక్కడ ఇబ్బందిగా ఉందా అని అడగండి, ఏం చేయాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. ఉంటే ఇంట్లో రోజూ ఆఫీసు కబుర్లు అడగడం మానాలి మీరు. మానేస్తే వేరే ఉద్యోగం దొరికాకే మానేయమని చెప్పండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. కాగితాలు ఆమె చేత తెప్పించుకోకండి. అకౌంట్స్‌లో ఉంది కదా, అప్పు స్టేట్‌మెంట్ ఫొటో తీసి పంపడం ఎంతసేపు అనిపిస్తుంది. ఆ ఫొటో బయటపడితే పోయేది ఆమె ఉద్యోగం, ఆమె పేరు. మీకు కావాల్సిన పుస్తకాలు డైరెక్టర్‌గా మీరే రాసి అడగవచ్చు. ఇవ్వకపోతే లాయర్ నోటీసుతో అడగవచ్చు. ఆ ఉత్తరం ఈ వారమే రాయండి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.